డిస్క్ ఎన్‌క్రిప్షన్

కంప్యూటర్ డిస్క్‌లోని సమాచారమంతటినీ తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో ఉంచే పద్ధతి. ఆఫీసు ల్యాప్‌టాప్ క్యాబులోనో రైల్లోనో పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. లాగిన్ పాస్‌వర్డ్ మాత్రమే ఉన్న యంత్రంలోంచి డిస్క్ విప్పి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌లో కనిపించేవి అర్థంలేని బైట్లే.

విండోస్ విస్టాతో వచ్చిన బిట్‌లాకర్, మాక్‌లలో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ వాడుకలో ఉన్నాయి. వీటిలో సాధారణంగా వాడేది ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి. 2001లో అమెరికా ప్రమాణంగా స్వీకరించిన ఈ పద్ధతిని ఇద్దరు బెల్జియం శాస్త్రవేత్తలు రూపొందించారు.

బిట్‌లాకర్ తాళంచెవిని సాధారణంగా టీపీఎం అనే భద్రతా చిప్ కాపాడుతుంది. బూట్ క్రమంలో తేడా కనిపిస్తే చిప్ తాళంచెవి ఇవ్వదు. తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దాన్ని ఐటీ విభాగం తన దగ్గర భద్రపరచడం ఆనవాయితీ. ఆ ఏర్పాటు ఎంత ముఖ్యమో 2024 జులై 19న తేలింది. భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ ఇచ్చిన అప్‌డేట్‌లోని లోపంతో నీలి ఎర్రర్ తెర దగ్గర ఆగిపోయిన విండోస్ యంత్రాలను బాగుచేయడానికి, బిట్‌లాకర్ ఉన్న చాలాచోట్ల ముందు ఆ 48 అంకెలూ కొట్టాల్సి వచ్చింది. కీలు దాచిన సర్వరే పడిపోతే ఇక చెప్పేదేముంది!

యంత్రం నడుస్తున్నంతసేపూ తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు మెమరీ చిప్‌లను చల్లబరచి, కరెంటు తీసేశాక కూడా తాళంచెవిని రాబట్టి చూపారు. అందుకే మూత మాత్రమే వేసిన ల్యాప్‌టాప్ కంటే పూర్తిగా ఆపినది భద్రం. ఈమెయిల్‌లో బయటికి వెళ్లిన ఫైలుకు ఈ రక్షణ వర్తించదు. నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటాకు టీఎల్‌ఎస్, వీపీఎన్ లాంటి రక్షణ వేరుగా కావాలి.