72 గంటల నియమం: చేతి సిరలోని గొట్టాన్ని ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న చరిత్ర

ఆసుపత్రిలో చేరిన రోగికి సెలైన్ గానీ, మందు గానీ నేరుగా రక్తంలోకి ఎక్కించడానికి ముంజేతి సిరలోనో, అరచేతి వెనుక సిరలోనో అమర్చే సన్నని మెత్తని ప్లాస్టిక్ గొట్టాన్ని వార్డుల్లో క్యాన్యులా అనీ, స్వీడన్‌లో పుట్టిన ఒక బ్రాండు పేరుతో వెన్‌ఫ్లాన్ అనీ పిలుస్తారు. దాన్ని కదలకుండా పట్టి ఉంచే ప్లాస్టరు మీద పెట్టిన తేదీని, గంటను పెన్నుతో రాయడం, మూడు రోజులు నిండగానే అది బాగా పనిచేస్తున్నా తీసేసి మరో చోట కొత్తది గుచ్చడం ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో దశాబ్దాలపాటు ఆచారంగా సాగాయి. ఈ 72 గంటల అంకె ఏదో ఒక ప్రయోగంలో తేలిన శాస్త్రసత్యం కాదు. అప్పటికప్పుడు వాడుకలో ఉన్న గొట్టాల గుణం, ఒక పెద్ద ఉపద్రవం మిగిల్చిన భయం, గణాంకాలను చదవడంలో జరిగిన ఒక పొరపాటు కలిసి దాన్ని నిలబెట్టాయి.

సిర ద్వారా ద్రవాలు ఎక్కించే చికిత్స కలరా కాలంలో మొదలైంది. 1831 చివర ఇంగ్లండులో కలరా ప్రబలినప్పుడు విలియం బ్రూక్ ఒషానెసీ అనే యువ ఐరిష్ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులోని నీరు, లవణాలు భారీగా తగ్గిపోతున్నాయని, వాటిని తిరిగి చేర్చడమే చికిత్స కావాలని ప్రతిపాదించాడు. (ఇతడే తర్వాత ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా కలకత్తా చేరి, అక్కడి మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించి, మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించిన ఒషానెసీ.) ఆ ప్రతిపాదనను 1832లో ఆచరణలో పెట్టినవాడు స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాటా. అతడు సిరంజికి వెండి గొట్టం తగిలించి, నాడి అందని స్థితిలో ఉన్న ఒక వృద్ధురాలి సిరలోకి ఉప్పునీటి ద్రావణాన్ని దాదాపు ఆరు పింట్లు, అంటే సుమారు మూడు లీటర్లు ఎక్కించాడు. ఆమె తేరుకుని మాట్లాడింది. అయితే లాటా ఆమెను వేరే వైద్యుడికి అప్పగించి వెళ్లాక విరేచనాలు తిరగబెట్టాయి, మళ్లీ ద్రవం ఎక్కించినవారు లేరు, కొన్ని గంటల్లోనే ఆమె మరణించింది. ఆ నివేదికలోనే లాటా చేసిన ఒక హెచ్చరికను చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు గానీ ఈ విషయానికి అదే ఆయువుపట్టు: ప్రక్రియను పదేపదే చేయవలసి రావచ్చు కనుక సిరను సున్నితంగా చూడాలనీ, లేకుంటే అది వాచిపోతుందనీ, గాయాన్ని జాగ్రత్తగా గమనిస్తూ ఉండాలనీ అతడు రాశాడు. ఎన్ని గంటలకు మార్చాలో అతడు చెప్పలేదు; కనిపెట్టి ఉండమన్నాడు.

ఆ తర్వాత నూరేళ్లపాటు గొట్టం మార్చే గడువు అన్న ప్రశ్నే పుట్టలేదు. వాడినవి ఉక్కు సూదులు. అవి కాచి, సాన పట్టి, మళ్లీ మళ్లీ వాడేవి. రోగి చెయ్యి కాస్త కదిలించినా సూది మొన సిర గోడను చీల్చుకుని బయటికి వచ్చేది కనుక చేతిని చెక్కబద్దకు కట్టి ఉంచేవారు, సీసా అయిపోగానే సూది తీసేసేవారు. సూది గుచ్చడం డాక్టరు పనిగానే సాగింది. 1940లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఆ పనికోసం ఏడా ప్లూమర్ అనే నర్సును నియమించడం అప్పటికి సాహసం. 1945లో అమెరికాలో ప్లాస్టిక్ గొట్టాన్ని సూది ద్వారా సిరలోకి జొప్పించే పద్ధతి వెలువడింది. 1950లో రాచెస్టర్ నగరంలోని మేయో క్లినిక్‌లో డేవిడ్ మాసా బృందం ఉక్కు సూది చుట్టూ ప్లాస్టిక్ తొడుగు అమర్చి, గుచ్చిన తర్వాత సూదిని వెనక్కి లాగి తొడుగును మాత్రమే సిరలో విడిచే సాధనాన్ని రూపొందించింది. నేటి క్యాన్యులాలన్నీ దాని సంతానమే. చేతిని మడిచినా, రోగి పక్కకు ఒత్తిగిల్లినా ఊడని గొట్టం చేతికొచ్చాకే, దాన్ని ఎంతకాలం ఉంచవచ్చన్న చిక్కు వచ్చిపడింది.

ఆ చిక్కుకు రెండు ముఖాలున్నాయి. మొదటిది సిరశోథం, అంటే సిర లోపలి పొర రేగి వాచడం: గొట్టం రాపిడి వల్లనో, ఘాటైన మందుల వల్లనో, సూక్ష్మజీవుల వల్లనో గుచ్చినచోట నొప్పి పుడుతుంది, చర్మం ఎర్రబడుతుంది, సిర తాడులా గట్టిపడి వేలికి తగులుతుంది. ఇది తరచుగా వచ్చేదే గానీ గొట్టం తీసేస్తే చాలావరకు తగ్గిపోతుంది. రెండవది రక్తప్రవాహ ఇన్ఫెక్షన్: చర్మం మీది బ్యాక్టీరియా గొట్టం వెంట లోపలికి పాకి, దాని ఉపరితలం మీద జీవపొరగా అంటుకుని, అక్కడి నుంచి రక్తంలోకి దిగడం. ఇది అరుదు, కాని ప్రాణాంతకం కాగలదు. తొలినాటి పాలిథిలీన్ గొట్టాలు బిరుసైనవి, సిరను త్వరగా రేపేవి. 1963లో డ్రస్కిన్, సీగెల్ అనే అమెరికన్ వైద్యులు 48 గంటలు దాటి ఉంచిన పాలిథిలీన్ గొట్టాల్లో బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తోందని ప్రకటించారు. 1968లో బోస్టన్ పరిశోధకులు 213 గొట్టాలను వరుసగా పరిశీలించి ఇన్ఫెక్షన్ ముప్పును ధ్రువీకరించారు. రెండు రోజుల గడువు అన్న భావన వైద్యుల మనసుల్లో నాటుకున్నది అప్పుడే.

దాన్ని ఆజ్ఞగా మార్చినది 1970-71లో అమెరికాను కుదిపిన ఉపద్రవం. ఒక పెద్ద ఔషధ సంస్థ సెలైన్, గ్లూకోజు సీసాల మూతల లోపలి పొరను మార్చి కొత్త రకం పదార్థంతో వేయడం మొదలుపెట్టింది. ఆ పొర కింద చేరిన బ్యాక్టీరియా, సీసా విప్పినప్పుడూ మూత తిరిగి బిగించినప్పుడూ ద్రవంలోకి రాలేది. అవి గ్లూకోజు నీటిలో గది వేడికే చక్కగా పెరిగే ఎంటరోబాక్టర్ జాతులు. పాతిక ఆసుపత్రుల్లోనే దాదాపు నాలుగు వందల మందికి రక్తం విషపూరితమైనట్లు లెక్క తేలింది. 1971 మార్చిలో అట్లాంటాలోని కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ, అంటే సీడీసీ, తక్షణ రక్షణగా సీసా నుంచి సూది దాకా మొత్తం సరంజామాను 24 గంటలకొకసారి మార్చమని ఆదేశించింది. దోషం సీసా మూతలో ఉంది. శిక్ష మాత్రం గొట్టాలకూ పడింది. కలుషితమైన సరుకు మార్కెట్ నుంచి తొలగిపోయాక కూడా గడియారం చూసి మార్చే అలవాటు తొలగిపోలేదు, ఎందుకంటే గడువు పెంచి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు జవాబివ్వడానికి ఏ ఆసుపత్రీ సిద్ధంగా లేదు. సీసాకూ క్యాన్యులాకూ నడుమ ఉండే పొడవాటి గొట్టాల విషయంలో మాత్రం గడువు క్రమంగా 24 నుంచి 48కి, తర్వాత 72కి సడలింది.

ఆ ఉపద్రవంపై జరిగిన దర్యాప్తులో పాలుపంచుకున్న డెనిస్ మాకీ అనే వైద్యుడు తర్వాతి రెండు దశాబ్దాలు ఈ రంగానికి పెద్ద దిక్కయ్యాడు. 1977లో అతని బృందం ప్రవేశపెట్టిన పరీక్ష ఇప్పటికీ ప్రయోగశాలల్లో నడుస్తోంది: తీసిన గొట్టం కొసను కత్తిరించి, రక్తం కలిపిన అగార్ పళ్లెం మీద ముందుకూ వెనక్కీ దొర్లించి, ఒక రాత్రి వెచ్చగా ఉంచాక మొలిచిన చుక్కలు 15 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ గొట్టం నిజంగా ఇన్ఫెక్షన్ పట్టినదని తీర్పు. 1980ల ఆరంభంలో సీడీసీ మార్గదర్శకాలు చేతి క్యాన్యులాకు 48 నుంచి 72 గంటల గడువు విధించాయి. 1991లో మాకీ, రింగర్ వెయ్యికి పైగా క్యాన్యులాలను పరిశీలించి, నాలుగో రోజుకు సిరశోథం ముప్పు సగానికి మించుతోందని చూపడంతో ఆ గడువుకు మరింత బలం వచ్చినట్లయింది.

పొరపాటు జరిగినది ఇక్కడే. రోజులు గడిచేకొద్దీ మొత్తం ముప్పు పెరగడం సహజం, ఎందుకంటే ప్రతి రోజు ముప్పూ మునుపటి రోజుల ముప్పుకు జతపడుతుంది. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: మూడు రోజులు బాగా ఉన్న గొట్టం నాలుగో రోజున చెడే అవకాశం, కొత్తగా గుచ్చిన గొట్టం తన మొదటి రోజున చెడే అవకాశం కంటే ఎక్కువా? రెండూ సమానమైతే, మార్చడం వల్ల రోగికి దక్కేది మరో పోటు మాత్రమే. 1998లో స్విట్జర్లండు వైద్యులు బ్రెగెన్‌జర్ నాయకత్వంలో ఈ లెక్కనే వేసి, రోజువారీ ముప్పు కాలంతో పాటు పెరగడం లేదని తేల్చారు. అంతకుముందే 1992లో మెడ, ఛాతీ దగ్గరి పెద్ద సిరల్లో ఉంచే కేంద్ర గొట్టాలను మూడు రోజులకొకసారి మార్చడం వల్ల ఇన్ఫెక్షన్ తగ్గదని కాబ్ బృందం చేసిన ప్రయోగం చూపింది. పిల్లల విషయంలో నియమం మెత్తగానే ఉండేది. చిన్నారుల సిర దొరకడం ఎంత కష్టమో ఎరిగిన సీడీసీ, అవసరం పడితేనే మార్చమని వారికి మినహాయింపు ఇచ్చింది. పెద్దల సిరలు మాత్రం నియమానికి ఎందుకు తల ఒగ్గాలో ఎవరూ స్పష్టంగా చెప్పలేకపోయారు. 2002లో గడువు 72 నుంచి 96 గంటలైంది. 2011లో భాష మారింది: అంతకంటే ముందుగా మార్చనక్కరలేదని చెప్పి, పెద్దలకు అవసరాన్ని బట్టి మార్చడం సరిపోతుందా అన్నదాన్ని తేలని అంశంగా సీడీసీ వదిలేసింది.

దాన్ని తేల్చే పనికి ఆస్ట్రేలియా నర్సు పరిశోధకులు పూనుకున్నారు. బ్రిస్బేన్‌లో జోన్ వెబ్‌స్టర్ బృందం 2008లో 755 మంది రోగులతో తొలి పెద్ద ప్రయోగ ఫలితాలు ప్రకటించింది. 2012లో క్లేర్ రికార్డ్ నాయకత్వంలో క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 3,283 మందిపై జరిగిన ప్రయోగం లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించిన రోగుల్లో ఒక వర్గానికి మూడో రోజున గొట్టం మార్చారు, రెండో వర్గానికి నొప్పి, వాపు, అడ్డంకి వంటి లక్షణం కనిపించినప్పుడే మార్చారు. సిరశోథం వచ్చినవారు అటు 114 మంది, ఇటు 114 మంది. రెండు వైపులా 7 శాతమే. వైద్యశాస్త్ర చరిత్రలో ఇంత సమానంగా తూగిన త్రాసు అరుదు. ఇంగ్లండులో 2014 నాటి జాతీయ మార్గదర్శకాలు గడువును వదిలి అవసరాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి.

అవసరాన్ని గుర్తించాలంటే ఎవరో ఒకరు చూడాలి. ఇంగ్లండులోని రోథర్‌హామ్‌లో ఆండ్రూ జాక్సన్ అనే నర్సు 1998లో ప్రచురించిన కొలమానం ఆ చూపుకు ఒక క్రమం ఇచ్చింది. క్యాన్యులా పెట్టినచోట ఏమీ లేకుంటే సున్న; కాస్త నొప్పి గానీ, ఎరుపు గానీ ఉంటే ఒకటి, అప్పుడు గమనిస్తూ ఉండాలి; నొప్పి, ఎరుపు, వాపులలో రెండు కనిపిస్తే రెండు, అప్పుడు గొట్టం తీసేయాలి. సిర తాడులా గట్టిపడేదాకా, జ్వరం వచ్చేదాకా అంకె ఐదు వరకు పెరుగుతుంది. ప్రతి షిఫ్టులో ప్లాస్టరు మీదుగా వేలితో మెల్లగా నొక్కి, రోగిని అడిగి, ఆ అంకెను చార్టులో వేయడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలు. పదుల కొద్దీ పడకలకు ఒకే నర్సు ఉండే వార్డులో ఆ నిమిషాలు దొరకవు.

గడువు ఎత్తివేస్తే ఏం జరగవచ్చో జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల అనుభవం చూపింది. అక్కడ 96 గంటల నియమాన్ని 2018లో ఎత్తివేసి, లక్షణం కనిపించినప్పుడే మార్చమన్నారు. 2021లో ప్రచురితమైన వివరాల ప్రకారం, మొత్తం నాలుగు లక్షలకు పైగా క్యాన్యులాల లెక్కలో, పాత నియమం నడిచిన కాలంలో క్యాన్యులా వల్ల వచ్చిన రక్తప్రవాహ ఇన్ఫెక్షన్లు 11 ఉండగా, కొత్త పద్ధతి నడిచిన, అంతకంటే తక్కువ క్యాన్యులాలు వాడిన కాలంలో అవి 46కు చేరాయి. 2019లో ఆసుపత్రి పాత నియమానికే తిరిగి వెళ్లింది, సంఖ్య మళ్లీ తగ్గింది. ఇది క్వీన్స్‌లాండ్‌లో వలె యాదృచ్ఛిక ప్రయోగం కాదు, ముందు వెనుకల పోలిక మాత్రమే. అయినా మూడు వేల మందిలో కనిపించనంత అరుదైన ప్రమాదం లక్షల లెక్కలో బయటపడిందని ఒప్పుకోక తప్పదు. ప్రయోగంలో పరిశోధక నర్సులు రోజూ వచ్చి క్యాన్యులాను చూసేవారు. రోజువారీ వార్డుకు ఆ వసతి లేదు. గడువు తీసేసినచోట ఆ చూపు కూడా లేకపోతే, పనిలేకుండా చేతిలో మిగిలిపోయిన గొట్టాలు పెరుగుతాయి.

అందుచేత 72 గంటల నియమం వైద్యపరంగా నిరాధారమైనా, చూసేవారి కొరత ఉన్నచోట అది చూపుకు బదులుగా పనిచేసిందన్నదే ఈ చరిత్రను బట్టి న్యాయమైన తీర్పు. ఇన్ని మార్పుల్లోనూ మారని సూచనలు రెండున్నాయి: అత్యవసరంలో, శుభ్రత పాటించే వీలు లేకుండా పెట్టిన క్యాన్యులాను వీలైనంత త్వరగా మార్చాలి, మందు ఆగిపోయిన రోజునే, గంటల లెక్కతో నిమిత్తం లేకుండా, క్యాన్యులాను తీసేయాలి.