వాగు నీటి నుండి సాక్ష్యం దాకా: పటాన్‌చెరు కాలుష్య వ్యతిరేక ఉద్యమంలో నైపుణ్య నిర్మాణం

ప్రస్తావన

పర్యావరణ ఉద్యమాల చరిత్రను సాధారణంగా నాయకుల కృషి, న్యాయస్థానాల తీర్పులు అనే రెండు ఆధారాలపై రాయడం పరిపాటి. ఈ రెంటి నడుమ అంతగా పరిశీలనకు రాని చరిత్ర మరొకటి ఉంది. కాలుష్యాన్ని అనుభవించిన గ్రామస్థులు దానిని కొలవడం, నమోదు చేయడం, చట్టం అంగీకరించే రూపంలో నిరూపించడం ఏ మేరకు నేర్చుకున్నారు, ఏ మేరకు నేర్చుకోలేకపోయారు అన్నదే ఆ చరిత్ర. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాన్ని ఈ కోణం నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సామర్థ్య నిర్మాణం అనగానే శిక్షణ తరగతులు, కరపత్రాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ ఆ పదాన్ని ఇంకొంచెం నిర్దిష్టమైన అర్థంలో గ్రహించాలి. అనుభవాన్ని సాక్ష్యంగా మార్చగల శక్తియే సామర్థ్యం. పటాన్‌చెరులో ఆ శక్తి పెరిగింది. అయితే అది ప్రధానంగా కొందరు వ్యక్తులలోను, బయటి సంస్థలలోను పెరిగింది. వాదం వీధి నుండి న్యాయస్థానానికి, అక్కడి నుండి ప్రయోగశాలకు మారిన ప్రతిసారీ గ్రామం తన అనుభవానికి కొత్త మధ్యవర్తిని వెదుక్కోవలసి వచ్చింది.

ఔషధ పరిశ్రమ, నక్కవాగు

1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్, హైదరాబాదులో నెలకొల్పిన కర్మాగారం ద్వారా రసాయన ఔషధాల తయారీలో నిపుణులను తయారు చేసింది. 1970 నాటి పేటెంట్ల చట్టం ఔషధానికి గాక దాని తయారీ విధానానికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, ఔషధ ముడి పదార్థాలను తయారుచేసే దేశీయ సంస్థలు వేగంగా విస్తరించాయి. వెనుకబడిన జిల్లాగా గుర్తింపు పొందిన నాటి మెదక్ జిల్లాలో, జాతీయ రహదారికి, నగరానికి చేరువలో ఉన్న పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి ప్రాంతాలు ఈ విస్తరణకు కేంద్రాలయ్యాయి.

ఈ పారిశ్రామిక వాడల వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరా నదికి చేరే మార్గంలో పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామాలున్నాయి. బొల్లారం వైపున ఖాజీపల్లి, గండిగూడెం చెరువులు ఇదే స్థితికి లోనయ్యాయి. వాగు నీటితో వరి పండించిన రైతు, చెరువులో చేపలు పట్టిన మత్స్యకారుడు, బట్టలు ఉతికిన రజకుడు, పశువులను తోలుకెళ్లిన కాపరి ఒకే నీటి వలన వేర్వేరు నష్టాలకు గురయ్యారు. ఈ భేదం తరువాతి పరిణామాలను అర్థం చేసుకోవడానికి కీలకం.

అనుభవజ్ఞానం, వైద్యజ్ఞానం

గ్రామస్థులకు తమ నీటి గురించి తెలియనిది లేదు. రంగు మారిన బావి, కాలులోతు దిగితే పుట్టే దురద, పాలు తగ్గిన బర్రె, గింజ పట్టని వరి వంటివి వారి పరిశీలనలు. ఇవన్నీ నిజమైన జ్ఞానమే అయినా తేదీ, పరిమాణం, పోలిక లేనందువల్ల కార్యాలయంలో అవి ఫిర్యాదుగానే మిగిలిపోయాయి.

ఈ జ్ఞానాన్ని మరొక భాషలోకి మార్చిన తొలి వ్యక్తులలో పటాన్‌చెరులో వైద్యవృత్తి నిర్వహించిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ముఖ్యులు. చర్మవ్యాధులు, శ్వాసకోశ వ్యాధులతో తన వద్దకు వస్తున్న రోగులను వారి గ్రామాలతోను, గ్రామాలను వాగుతోను అనుసంధానించి చూడడం ఆయన దృక్పథంలోని విశేషం. విడివిడి రోగాలుగా కనిపించినవి ఒక ప్రాంతపు సమస్యగా రూపుదిద్దుకున్నది ఈ దశలోనే. 1980ల ద్వితీయార్ధం నుండి సాగిన ఆందోళనలకు ఈ వైద్య దృష్టి బలమైన ఆధారమయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ రాజనీతిశాస్త్ర ఆచార్యులు కె. పురుషోత్తంరెడ్డి వంటి విద్యావేత్తలు దానికి చట్టపరమైన, విధానపరమైన కోణాన్ని జోడించారు.

వైద్యుడు, ఆచార్యుడు, న్యాయవాది కలిసిన ఈ కూటమి ఉద్యమానికి గొప్ప బలం. అదే దాని పరిమితి కూడా. రోగుల వివరాలు వైద్యుని వద్ద, చట్టం న్యాయవాది వద్ద, విశ్లేషణ ఆచార్యుని వద్ద ఉండగా గ్రామం ప్రధానంగా సమాచారం అందించే స్థానంలో నిలిచింది.

న్యాయస్థానంలో ఏది సాక్ష్యం?

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సంస్థ పటాన్‌చెరు కాలుష్యంపై సర్వోన్నత న్యాయస్థానంలో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేసింది. న్యాయస్థానం నష్టాన్ని అంచనా వేసే బాధ్యతను సంగారెడ్డిలోని జిల్లా న్యాయమూర్తికి అప్పగించింది. సాంకేతిక పరిశీలనకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ నివేదికలను ఆధారం చేసుకుంది. 2001లో వ్యాజ్యం ఉమ్మడి రాష్ట్ర ఉన్నత న్యాయస్థానానికి, ఆ తరువాత జాతీయ హరిత న్యాయస్థానానికి బదిలీ అయి 2017లో ముగిసింది. వ్యాజ్యం మొదలైన నాడు పుట్టిన బిడ్డకు అది ముగిసేనాటికి 27 ఏళ్ళు.

ఈ సుదీర్ఘ కాలంలో గ్రామాలకు ఎదురైన ప్రధాన ప్రశ్న సాక్ష్యం గురించినది. 1974 జలకాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి కర్మాగార యజమానికి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, ముద్ర వేసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఈ పద్ధతి పాటించని నమూనా ఫలితం చట్టపరమైన చర్యలో సాక్ష్యంగా చెల్లదు. రాత్రివేళ వాగులోకి వదిలిన వ్యర్థాలను రైతు సీసాలో పట్టినా, ఆ సీసాకు వార్తాపత్రికలో విలువ ఉంటుంది గాని ఈ సెక్షన్ ముందు ఉండదు. అధికారి వచ్చేనాటికి వాగు పారిపోయి ఉంటుంది.

నష్టపరిహారం విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. పంటనష్టాన్ని నిరూపించడానికి పట్టాదారుకు పహాణీ ఉంది. కౌలుదారుకు, కూలీకి, మత్స్యకారునికి, రజకునికి అటువంటి పత్రం లేదు. పత్రం ఉన్న నష్టం లెక్కకు వస్తుంది. పత్రం లేని నష్టం మాటగా మిగులుతుంది. కనుక రోజువారీ నమోదు అనే నైపుణ్యం భూమిలేని వారికే ఎక్కువ అవసరం.

చట్టం కొన్ని తలుపులు తెరిచిన మాట కూడా వాస్తవం. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలోని 19వ సెక్షన్, 60 రోజుల నోటీసు ఇచ్చిన పౌరుడు స్వయంగా ఫిర్యాదు దాఖలు చేయవచ్చునన్నది. 1988 సవరణ తరువాత జలచట్టం కూడా అదే హక్కును ఇస్తూ, ఫిర్యాదుదారు కోరితే మండలి తన వద్దనున్న సంబంధిత నివేదికలను అందజేయాలని నిర్దేశించింది. 2005 సమాచార హక్కు చట్టం ఈ మార్గాన్ని విశాలం చేసింది. సొంత నమూనా చెల్లకపోయినా మండలి సొంత నివేదికను రప్పించి, తేదీలను పోల్చి ప్రశ్నించడం సాధ్యమే. అయితే ఏ నివేదిక అడగాలో, అందులోని అంకెలను ఎలా చదవాలో తెలిసినవారికే ఆ హక్కు అక్కరకు వస్తుంది.

1999లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఆచార్య ఎం.వి. నాయుడు తీర్పులో సర్వోన్నత న్యాయస్థానమే పర్యావరణ వివాదాల పరిష్కారానికి శాస్త్రీయ నైపుణ్యం అవసరమని గుర్తించి, హాని లేదని నిరూపించే భారాన్ని పర్యావరణ స్థితిని మార్చదలచిన వారిపై ఉంచింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షణకు సంబంధించిన ఆ వివాదం ఒక సంగతిని స్పష్టం చేస్తున్నది. న్యాయమూర్తులకే నిపుణుల తోడు అవసరమైన చోట గ్రామ కమిటీ ఒంటరిగా నెగ్గుకురావడం కష్టం.

ప్రయోగశాల చూపినది

1994లో ప్రారంభమైన పటాన్‌చెరు ఎన్విరో టెక్ ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పరిశ్రమల వ్యర్థజలాలు ట్యాంకర్లలో చేరేవి. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన, సుమారు 90 ఔషధ సంస్థల వ్యర్థాలను స్వీకరిస్తున్న ఈ కేంద్రం శుద్ధి చేసి విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు వెల్లడించింది. మందు తీసుకున్న రోగి రక్తంలో కనిపించే స్థాయిని మించిన పరిమాణమిది. 2009లో వెలువడిన మరొక పరిశోధన ఈ ప్రాంతపు చెరువులలో, బావులలో సైతం ఔషధ అవశేషాలను గుర్తించింది. అదే సంవత్సరం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతానికి 70.07 సూచిక ఇచ్చి, తీవ్ర కాలుష్యానికి గురైన 43 ప్రాంతాల జాబితాలో చేర్చింది.

పటాన్‌చెరు పేరు ప్రపంచ వైద్యసాహిత్యంలోకి ప్రవేశించడం ఉద్యమానికి కొత్త బలమయింది. కాని ఈ జ్ఞానం గ్రామం చేతిలో పనిముట్టుగా మారలేదు. అటువంటి పరీక్షకు కావలసిన పరికరాలు సామాన్య ప్రయోగశాలలకే దుర్లభం. అంతకుమించి, యాంటీబయాటిక్ అవశేషాలకు చట్టబద్ధమైన పరిమితి లేదు. 2020 జనవరిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో ప్రతిపాదించిన పరిమితులు 2021 నాటి తుది ప్రకటనలో చోటు చేసుకోలేదు. కొలత ఉండి ప్రమాణం లేని చోట ఉల్లంఘనను నిరూపించే మార్గం ఉండదు. అందువలన ప్రమాణాల రూపకల్పన దశలో, ముసాయిదాపై అభ్యంతరాల గడువులో పాల్గొనడం కూడా క్షేత్రస్థాయి సంఘాలు నేర్వవలసిన నైపుణ్యమే.

సమీప ప్రయోగాలు: పస్తాపూర్, కడలూరు

నైపుణ్యం గ్రామంలోనే నిలవగలదా అన్న ప్రశ్నకు సమాధానం అదే జిల్లాలో దొరుకుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుండి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దళిత మహిళా సంఘాల సభ్యులకు వీడియో చిత్రీకరణలో శిక్షణ ఇచ్చింది. చదువు అంతగా లేని మహిళలు కెమెరా పట్టి వ్యవసాయ సమస్యలపై చిత్రాలు నిర్మించారు. 2008లో మాచునూరులో ప్రారంభమైన సంఘం రేడియోను కూడా వారే నిర్వహించారు. ఇక్కడి విషయం విత్తనాలు, చిరుధాన్యాలు. రసాయన కాలుష్యం కాదు. అయినా నమోదు చేసే సాధనం, నమోదు చేసే వ్యక్తి, నమోదైన సామగ్రి మూడూ సంఘం అధీనంలోనే ఉండడం గమనార్హం.

రసాయన పరిశ్రమల విషయంలో తమిళనాడులోని కడలూరు సిప్కాట్ ప్రాంతం మరొక నమూనా. 2004 నుండి అక్కడి గ్రామస్థులు శిక్షణ పొంది, దుర్వాసన వచ్చిన తేదీ, సమయం, గాలి దిశ, కలిగిన బాధలను క్రమంగా రాసుకున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1990లలో రూపొందిన బకెట్ పద్ధతితో గాలి నమూనాలు సేకరించారు. ప్రయోగశాల బయటిదే అయినా ఎప్పుడు, ఎక్కడ, ఏమి సేకరించాలో నిర్ణయించింది గ్రామస్థులు. దుర్వాసన ఒక ఆరోపణగా గాక, సమయంతో కూడిన నమోదుగా అధికారుల ముందుకు వెళ్లింది.

ముగింపు

పటాన్‌చెరు ఉద్యమం విఫలమైందనడం చరిత్రకు న్యాయం కాదు. దాని కృషి వల్లనే ఈ ప్రాంతపు కాలుష్యం సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. కాని ప్రతి దశలోనూ చెల్లుబాటైన సాక్ష్యం నాగపూర్ నివేదికగానో, న్యాయమూర్తి అంచనాగానో, గోథెన్‌బర్గ్ పరిశోధనగానో బయటి నుండే వచ్చింది. వాగు పక్కన నివసించినవారి నమోదు ఆ వరుసలో కనిపించదు.

పటాన్‌చెరు నుండి వ్యర్థజలాలను 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా నగర మురుగు కాలువకు, అక్కడి నుండి మూసీ తీరంలోని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి తరలించినప్పుడు సమస్య ఒక నదీలోయ నుండి మరొక దానికి జరిగింది. మూసీ దిగువ గ్రామాలకు పటాన్‌చెరు అనుభవం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఆ అనుభవం వ్యక్తుల జ్ఞాపకంలో మాత్రమే ఉంటే వారితోపాటే అంతరిస్తుంది. పంచాయతీలోనో, పాఠశాలలోనో, మహిళా సంఘంలోనో తేదీలవారీగా రాసిన పుస్తకంగా ఉంటే తరువాతి తరానికి, పొరుగు గ్రామానికి చేరుతుంది. సామర్థ్య నిర్మాణాన్ని ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్న లెక్కతో గాక, శిక్షకుడు వెళ్లిపోయిన తరువాత ఆ పుస్తకంలో మరుసటి పుట ఎవరు రాశారన్న ప్రశ్నతో అంచనా వేయవలసి ఉంది.