బూట్ల చరిత్రలో అరకు కొండలు

బూట్ల కర్మాగారంలో పనిచేసిన తాత జీవితాన్ని ఇంట్లో దాచిన వస్తువుల నుంచి కూర్చుకునే అలవాటు పాశ్చాత్య దేశాల్లో బాగా ఉంది. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ తరతరాలుగా బూట్లు కుట్టి బతికిన పట్టణం. అలాంటి చోట పాదం ఆకారంలో చెక్కిన కర్ర అచ్చు, తోలు కోసే కత్తి, జీతం చీటీ, సంఘం సభ్యత్వ కార్డు ఇళ్లలో దొరుకుతాయి. వాటిని వరసగా పేరిస్తే ఆ మనిషి ఎప్పుడు పనిలో చేరాడో, ఏ విభాగంలో చేశాడో తెలుస్తుంది. ఈ పద్ధతి మంచిదే. కాకపోతే కాగితం, పనిముట్టు మిగిల్చినవాళ్లనే ఇది పరిశ్రమ మనుషులుగా గుర్తిస్తుంది. ఆ బూటు తోలుకు కావలసిన సరుకు ఏరినవాళ్లు దీనికి కనబడరు. అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో చెప్పుల్లేని కాళ్లతో తిరిగి కరక్కాయ ఏరిన తాతలూ అవ్వలూ బూట్ల పరిశ్రమ చరిత్రలో భాగమేనని, వాళ్లను వదిలేస్తే ఆ చరిత్ర సగమే అవుతుందని నా వాదన.

పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మారాలంటే టానిన్ కావాలి. చెట్ల బెరడులో, కాయల్లో ఉండే ఈ వగరు పదార్థం చర్మంలోకి ఇంకి దాన్ని గట్టిపరుస్తుంది. ఇంగ్లండ్‌లో పూర్వం ఓక్ చెట్టు బెరడు వాడేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో బూట్లకు, గుర్రపు జీనులకు, యంత్రాలు తిప్పే తోలు పట్టాలకు గిరాకీ పెరిగేసరికి ఆ బెరడు చాలలేదు. అప్పుడు ఇతర దేశాల నుంచి తెప్పించిన సరుకుల్లో మన కరక్కాయ ముఖ్యమైనది. ఎండిన కాయలో ఇంచుమించు 30 శాతం టానిన్ ఉంటుంది. అది తోలుకు లేత పసుపు రంగునూ మెత్తదనాన్నీ ఇస్తుంది. తోలు వర్తకులు కరక్కాయను వచ్చిన చోటును బట్టి భీమ్లీ, జబల్పూర్, రాజ్‌పూర్, వెంగుర్లా అని వేరు చేశారు. భీమ్లీ రకంలో మళ్లీ బి-1, బి-2 అనే తరగతులు. ఆ భీమ్లీ మన భీమునిపట్నమే. 1825లో డచ్చివారి నుంచి ఇంగ్లిషువారి చేతికి వచ్చిన ఈ రేవులో ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తే పడవల మీద సరుకు చేర్చేవారు. భీమిలి ఊళ్లో కరక అడవి లేదు. రేవు వెనక విజయనగరం, శృంగవరపుకోట, వాటి పైన అనంతగిరి కనుమ, ఆ పైన అరకు లోయ, ఇంకా అవతల జయపురం సీమ ఉన్నాయి. ఇంగ్లండ్ తోలు గుంటల దాకా వెళ్లిన పేరు రేవుది, సరుకు మాత్రం కొండలది.

కింద రాలిన కాయ ఏరడం కూడా ఒక వృత్తేనా అని అడిగేవాళ్లుంటారు. ఈ అభ్యంతరానికి జవాబు కాయలోనే ఉంది. మంచి కరక్కాయ గట్టిగా, బరువుగా, ఆకుపచ్చ కలిసిన లేత పసుపు రంగులో ఉండాలి. విరిస్తే లోపల బెండులా కాకుండా దిట్టంగా ఉండాలి. నేల మీద ఎక్కువ రోజులు పడి ఉన్న కాయ నల్లబడుతుంది, పురుగు పడుతుంది, తరగతి పడిపోతుంది. కాబట్టి చలికాలంలో కాయ ముదిరే అదను తెలియాలి, పలచగా పరిచి ఎండబెట్టాలి, మంచు తడి తగలకుండా కాపాడాలి, పుచ్చిన కాయలు ఏరి పారేయాలి. గింజలో టానిన్ బహు తక్కువ గనుక గింజ తీసిన కరక పెచ్చుకు ధర ఎక్కువ. కాయ కొట్టి గింజ వేరు చేయడం మరో పని. బి-1కీ బి-2కీ ఉన్న తేడాలో పెద్ద భాగం ఏరేవారి చేతిలోనే తేలిపోతుంది. తోలు కోసేవాడి చేతి నేర్పు నైపుణ్యమైతే ఇదీ నైపుణ్యమే. దీనికి పట్టా ఇచ్చే సంఘం లేదు, అంతే తేడా.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. కరక్కాయ తోలుకే పోలేదు కదా? నిజమే. అద్దకంలో రంగు పట్టడానికి, సిరా తయారీకి, వైద్యానికి కూడా పోయింది. ఫలానా కొండవాలు మీద ఏరిన కాయ ఫలానా బూటు తోలులోకి పోయిందని ఎవరూ రుజువు చేయలేరు. కానీ పరదేశపు తోలు బజారు ఒక రకానికి రేవు పేరు పెట్టి, తరగతులు కట్టి, ధర వేరుచేసి కొన్నదంటే ఆ గిరాకీ ఎక్కడిదో స్పష్టమే. పైగా కాయ ఓడెక్కడం ఒక్కటే దారి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లకు చివర కరక్కాయ నీళ్లతో మెరుగు పెట్టి లండన్‌కు పంపేవారు. వాటికి అక్కడ ఈస్ట్ ఇండియా కిప్స్ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల పైభాగానికి ఈ తోళ్లను ప్రభుత్వమే కొన్నది. మన పల్లెల్లో మాదిగలు లందల్లో ఇదే పని తరాలుగా చేశారు. తంగేడు చెక్క దంచి, చర్మాన్ని సంచిలా కుట్టి, అందులో చెక్క నీళ్లు నింపి వేలాడదీసేవారు. ఊరు వాళ్లను అంటరానివాళ్లని దూరం పెట్టింది, వాళ్లు కుట్టిన చెప్పు మాత్రం తొడుక్కుంది. తోలు చరిత్రలో వాళ్ల పేర్లు రాయకపోవడం, కరక్కాయ ఏరినవారిని మరిచిపోవడం ఒకే అన్యాయానికి రెండు ముఖాలు.

మరి కొండ ఇళ్లలో దాచుకున్న గుర్తులు లేవా? ఉన్నాయి, కాకపోతే వాటిని చదవడం మనకు అలవాటు లేదు. ఈ ప్రాంతపు ఆదివాసీ స్త్రీలు వేసుకున్న పాత రూపాయల పేరును, అంటే దండను, తీసుకుందాం. వెండి రూపాయికి కొక్కెం అతికించి దారానికి గుచ్చుతారు. ఒక్కోటి తులం ఎత్తు, ఒక వైపు విక్టోరియానో, ఎడ్వర్డో, ఐదో జార్జో, రెండో వైపు సంవత్సరం. 1940 దాకా రూపాయిలో 91 శాతానికి పైగా వెండి ఉండేది, ఆ ఏడు దాన్ని సగానికి తగ్గించారు. వెండి తగ్గిన నాణెం దండలో పెట్టుకునే విలువ కోల్పోతుంది. కనుక ఆ పేరులోని సంవత్సరాలు కొండ మీదికి నగదు వచ్చిన కాలాన్ని ఉజ్జాయింపుగా చెబుతాయి. ఆ నగదు కరక్కాయదే అనలేం. చింతపండుది, పసుపుది, కూలిది కూడా కావచ్చు. కానీ అడవి సరుకు అమ్మిన డబ్బులో కొంత ఇల్లు దాటిపోకుండా ఎలా నిలిచిందో ఆ దండ చూపిస్తుంది. నార్తాంప్టన్ ఇంట్లో జీతం చీటీ చేసే పనిలో కొంత ఇక్కడ ఈ రూపాయల పేరు చేస్తుంది.

చీటీలు ఎందుకు లేవన్నదీ చరిత్రలో భాగమే. సంతలో కరక్కాయ కుంచంతో కొలిచి ఉప్పుకు, గుడ్డకు మార్చుకునేవారు. లెక్క రాసింది షావుకారు, రాయించుకున్నవాడికి చదువు రాదు. కొలత షావుకారుది, ధర షావుకారుది, ముందే ఇచ్చిన అప్పూ ఆయనదే. 1839 చట్టంతో ఈ ప్రాంతం మామూలు న్యాయస్థానాల పరిధి దాటి ఏజెంటు పాలన కిందికి పోయి ఏజెన్సీ అయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి మీద ప్రభుత్వం పట్టు బిగిసింది. తాతలు ఏరుకున్న కాయకే అనుమతి అవసరమయ్యే పరిస్థితి వచ్చింది. అప్పు కింద మనిషినే కట్టేసుకునే ఆచారాన్ని రద్దు చేయడానికి మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీకి ప్రత్యేకంగా నిబంధన తేవలసి వచ్చిందంటే ఆ లెక్కలు ఎలాంటివో ఊహించవచ్చు. వర్తకుడు లేకపోతే సరుకు కొండ దిగేదే కాదు, ఉప్పు కొండ ఎక్కేదే కాదు అని కొందరు వాదిస్తారు. ఆయన అవసరం నిజమే. అయితే తూకం, ధర, అప్పు ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ అవసరమే ఉచ్చుగా మారింది.

కొండవాడి చేతికి రసీదు వచ్చే అవకాశం 1956 తర్వాత ఏర్పడింది. ఆ ఏడు విశాఖపట్నం కేంద్రంగా మొదలైనదే నేడు అందరూ జీసీసీ అని పిలిచే గిరిజన సహకార సంస్థ. 1979 నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనుగోలు దానికే దఖలు పడింది. ఒకే కొనుగోలుదారు ఉండటం మీద విమర్శలున్నాయి, వాటిలో బలముంది. అయినా ఏరిన మనిషికీ తూచిన సరుకుకూ కాగితం మీద లంకె పడే వీలు దీనితో వచ్చింది. ఆ సరికి బూట్ల ప్రపంచం చాలావరకు మారిపోయింది. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ పేటెంటు తీసుకున్న క్రోమ్ పద్ధతి వారాల పనిని రోజుల్లోకి తెచ్చి, బూటు పైభాగం తోలులో బెరడుకూ కాయకూ చోటు తగ్గించింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకున్నాక భీమిలి రేవు ప్రాధాన్యం తగ్గింది. అడవి ఫలసాయం మీద ఆదివాసులకు యాజమాన్య హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. కేంద్రం 2013-14లో మొదలుపెట్టిన కనీస మద్దతు ధర పథకంలో కరక్కాయకూ చోటు దక్కింది. హక్కు, ధర, రసీదు అన్నీ బజారు వెనకబడ్డాకే వచ్చాయి.

కాయ ఏరినవాళ్లందరినీ పరిశ్రమ కార్మికులంటే పత్తి రైతును కూడా మిల్లు కార్మికుడనాలి కదా అనే ప్రశ్న మిగిలి ఉంది. నేను కోరేది ఆ బిరుదు కాదు, లెక్కలో చోటు. మాంచెస్టర్ మిల్లుల గురించి రాసేవారు అమెరికా పత్తి పొలాల్లో బానిసల శ్రమను ఇప్పుడు విడిచిపెట్టడం లేదు. తోలు చరిత్రకూ ఆ న్యాయమే వర్తించాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పండించినవారి కొండ పేరు పొట్లం మీద ఉంది. అంతకు ఎంతో ముందే పరదేశం చేరిన కరక్కాయకు ఆ భాగ్యం దక్కలేదు. అరకులోని గిరిజన మ్యూజియంలో కరక్కాయకు, దాన్ని కొలిచిన కుంచానికి, భీమ్లీ తరగతుల కథకు ఒక గది కేటాయించాలి. జీసీసీ పాత కొనుగోలు రిజిస్టర్లు ఎక్కడ మిగిలి ఉన్నా వాటిని చెదలకు వదలకుండా రాష్ట్ర పురాభిలేఖాలయానికి చేర్చాలి. డిపో చీటీ, సభ్యత్వ పుస్తకం, అవ్వ మెడలోని రూపాయల పేరు దాచుకున్న కుటుంబాలకు ఒక్క మనవి: నాణెం మీది సంవత్సరం, అది ఏ సరుకు అమ్మితే వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.