యంత్రాలకు నెల చందా

జిమ్ న్యూటన్‌ది కాలిఫోర్నియా. కొత్త వస్తువులు కనిపెట్టాలన్న పిచ్చి ఉన్నవాడు. ‘మిత్‌బస్టర్స్’ టీవీ కార్యక్రమానికి సైన్సు సలహాదారుగా పనిచేశాడు, శాన్ మటేయో కాలేజీలో పోట్లాడే రోబోలు తయారుచేయడం నేర్పాడు. ఆ క్లాసులో ఆయనకో సంగతి బోధపడింది. చేరేవాళ్లలో చాలామందికి పాఠం అక్కర్లేదు. లేత్ కావాలి, మిల్లింగ్ మిషన్ కావాలి, వెల్డింగ్ సెట్టు కావాలి. వాటిని ముట్టుకోవాలంటే కాలేజీలో పేరు రాయించుకోవడం తప్ప వాళ్లకు మరో దారి లేదు. న్యూటన్ బాధా అదే. బుర్రలో ఆలోచనలకు కొదవలేదు, చేతిలో సరైన యంత్రం లేదు.

పాఠం సంగతి అలా ఉంచి, యంత్రాలనే జనానికి అందుబాటులో పెడితే?

2006 ఏప్రిల్‌లో శాన్ మటేయోలో మొట్టమొదటి మేకర్ ఫెయిర్ జరిగింది. సొంత చేతులతో వస్తువులు చేసుకునేవాళ్ల తిరునాళ్ల అది. న్యూటన్ అక్కడికి వెళ్లి తన ఆలోచన చెప్పి, చేరతామన్న వాళ్ల పేర్లు రాసుకున్నాడు. షెడ్డు లేదు, యంత్రాలు లేవు, ముందు మనుషుల్ని పోగేశాడు. నా లెక్కలో ఈ కథ మొత్తంలో ఆయన చేసిన తెలివైన పని ఇదే. ఆ అక్టోబరులో రిడ్జ్ మెక్‌గీతో కలిసి మెన్లో పార్కులో టెక్‌షాప్ తెరిచాడు.

ఏర్పాటు సులువుగా అర్థమయ్యేది. నెలకు వంద డాలర్ల పైచిలుకు చందా. కట్టినవాళ్లు లేజర్ కట్టర్, సీఎన్‌సీ రౌటర్, షీట్ మెటల్ వంచే యంత్రం, కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్ వంటివి వాడుకోవచ్చు. ప్రమాదం ఉన్న యంత్రం దగ్గరికి వెళ్లే ముందు మాత్రం దాని భద్రత, వాడకం మీద ఒక చిన్న క్లాసు తప్పనిసరి. దానికి ఫీజు వేరు. వేలిని, యంత్రాన్ని కాపాడటం ఒక ఎత్తు, ఆ ఫీజు అదనపు రాబడి కావడం ఇంకో ఎత్తు.

మన దగ్గర విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో లేత్ పని అడిగితే నిమిషాల్లో చేసిపెడతారు. కానీ ఆ మిషన్ మీద మిమ్మల్ని చెయ్యి వేయనివ్వరు. అది జాబ్ వర్కు, మీరు కొనేది పూర్తయిన ముక్కని. న్యూటన్ అమ్మింది చెయ్యి వేసే హక్కుని. మొదటి ముక్క చెడిపోవడం, రెండోదానికి కొలత మారడం, పక్క బల్ల మీద పనిచేస్తున్న పెద్దాయన వచ్చి ‘కట్టర్ వేగం తగ్గించు’ అని చెప్పిపోవడం, ఇవన్నీ ఆ చందాలోనే వచ్చేవి. కొత్త వస్తువు పుట్టేది ఆ చెడిపోయిన ముక్కల్లోంచే.

పుట్టాయి కూడా. సెయింట్ లూయిస్‌లో గాజు వస్తువులు చేసి అమ్మే జిమ్ మెకెల్వీకి ఒక గాజు కుళాయి బేరం చేయిజారింది. కొనే మనిషి దగ్గర ఉన్నది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు, దాన్ని తీసుకునే వీలు ఈయనకు లేదు. ఆ కడుపుమంటతో 2009లో జాక్ డోర్సీతో కలిసి స్క్వేర్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. ఫోన్‌లో ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలోకి దూర్చితే కార్డు చదివే బుల్లి పరికరం వాళ్ల సరుకు. దాని తొలి నమూనాలను మెకెల్వీ మెన్లో పార్కు టెక్‌షాప్‌లో కూర్చుని చేసుకున్నాడు. 2010లో ఐప్యాడ్ వచ్చినప్పుడు, పాత పుస్తకాల బైండింగ్ పద్ధతిలో దానికి వెదురు చట్రంతో అట్ట కట్టిన డోడోకేస్ కూడా టెక్‌షాప్ బల్లల మీదే రూపుదిద్దుకుంది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు నెలలు నిండని పసికందుల కోసం చేసిన ఎంబ్రేస్ సంచీకి కూడా అక్కడి యంత్రాలు అక్కరకొచ్చాయి. కరెంటు సరిగా లేని చోట్ల కూడా, వేడిచేసిన మైనపు లాంటి పదార్థంతో బిడ్డను గంటల తరబడి వెచ్చగా ఉంచే సంచీ అది. ఆ బృందం తర్వాత బెంగళూరు వచ్చి, దాన్ని మన ఆసుపత్రులకు చేర్చింది.

ఇంత పేరు వచ్చాక ఒక్క షెడ్డుతో ఎవరు ఊరుకుంటారు? మార్క్ హాచ్ అధిపతిగా వచ్చాక టెక్‌షాప్ ఊరూరా విస్తరించింది. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే, ఫోర్డ్ కంపెనీ తోడ్పాటుతో డెట్రాయిట్ పక్కన, తర్వాత పిట్స్‌బర్గ్, వాషింగ్టన్ దగ్గర ఆర్లింగ్టన్. పారిస్‌లో, టోక్యోలో వేరే కంపెనీలు ఆ పేరు తీసుకుని తెరిచాయి.

చిక్కు లెక్కలో ఉంది. టెక్‌షాప్ తనను తాను జిమ్ములాంటిదిగా చెప్పుకునేది. చందా కట్టండి, వచ్చి వాడుకోండి. కానీ జిమ్ముకు లాభం తెచ్చేది జనవరిలో డబ్బు కట్టి ఫిబ్రవరి నుంచి మొహం చూపించని సభ్యుడు. యంత్రాలశాలలో చేరినవాడు అలా కాదు. పని ఉండబట్టే చేరతాడు, రోజూ వస్తాడు, బ్లేడ్లు అరగదీస్తాడు. అందరూ ఉద్యోగాలయ్యాక సాయంత్రం ఆరింటికే వస్తారు. లేజర్ కట్టర్ మీద ఒకేసారి ఒకరే పనిచేయగలరు, మిగతావాళ్లు వరసలో నిలబడాల్సిందే. పగలంతా అదే హాలు ఖాళీ, అద్దె మాత్రం రాత్రింబవళ్లూ నడుస్తుంది. దానికి తోడు యంత్రాల మరమ్మతు, బీమా, ప్రతి పూటా పర్యవేక్షించే మనిషి. అన్నిటికన్నా విచిత్రం, సభ్యుడు నిజంగా గెలిస్తే వెళ్లిపోతాడు. నమూనా కుదిరిందంటే సొంత వర్క్‌షాప్ పెట్టుకుంటాడు, లేదా ఫ్యాక్టరీకి ఆర్డరిస్తాడు. స్క్వేర్ 2015లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజీకెక్కింది. తొలి నమూనా పుట్టిన చోటికి దక్కింది నెల చందా, క్లాసు ఫీజు.

ఒక్క ఊళ్లో ఈ లెక్కను ఎలాగో నెట్టుకురావచ్చు. పది ఊళ్లలో అదే లోటు పదింతలవుతుంది. సొంతంగా నడపడం మాని, విశ్వవిద్యాలయాలకూ కంపెనీలకూ పేరునూ అనుభవాన్నీ అమ్ముకుందామని చివర్లో దారి మార్చాలని చూశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. 2017 నవంబరు 15న అమెరికాలోని పది శాఖలకూ ఒకేరోజు తాళాలు పడ్డాయి. పునర్వ్యవస్థీకరణ కూడా కాదు, ఉన్నదంతా అమ్మేసి చేతులెత్తేసే దివాలా. చందా ముందే కట్టినవాళ్లూ, సగం చేసిన వస్తువులు లోపలే వదిలినవాళ్లూ గేటు బయట మిగిలారు.

మనుషులు మాత్రం చెదిరిపోలేదు. పిట్స్‌బర్గ్‌లో ప్రోటోహేవెన్, సిలికాన్ వ్యాలీలో మేకర్ నెక్సస్ పుట్టాయి. రెండూ లాభాపేక్ష లేని సంస్థలే. వాటిని చూస్తే నాకు తోచేది ఒకటే. ఇలాంటి చోటు ఒక్క ఊరికి పరిమితమైతే, యజమాని తనే పొద్దున తాళం తీసేవాడైతే నిలబడొచ్చు. పెట్టుబడిదారులకు వృద్ధి చూపించాల్సిన అవసరం వచ్చిందా, మునిగినట్టే.

మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి చోటుకయ్యే ఖర్చును తన నెత్తినే వేసుకుంది. రాయదుర్గంలో 78 వేల చదరపు అడుగుల టీ-వర్క్స్ 2023 మార్చి 2న ప్రారంభమైంది. బాగుంది. కానీ ఖమ్మంలోనో, కర్నూలులోనో ఉన్న కుర్రాడు నూర్పిడి యంత్రానికి ఒక కొత్త భాగం చేసి చూడాలనుకుంటే హైదరాబాద్ బస్సెక్కాల్సిందేనా? అలాంటి ఊళ్లలో టెక్‌షాప్ లాంటి చిన్న మేకర్‌స్పేస్ పెట్టాలనుకునేవాళ్లు న్యూటన్ చేసినట్టు ముందు పేర్లు రాసుకోండి. వీలైతే మొదటి మూడు నెలల చందా కూడా చేతిలో పడ్డాకే అద్దె మాట్లాడండి. మొదటి రోజు నుంచే లేజర్ కట్టర్ ఉండాలన్న సరదా వద్దు. మంచి డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్టు, ఒక త్రీడీ ప్రింటర్ చాలు. క్లాసులు మాత్రం మొదటి వారమే పెట్టండి.

ఇక అద్దె భారం సంగతి. 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని తెలంగాణ 2024లో మొదలుపెట్టింది. సీఎన్‌సీ మిషన్లు, రోబోలు అక్కడికి వస్తున్నాయి. సాయంత్రం తరగతులు అయ్యాక ఆ షెడ్లకు తాళం వేసే బదులు, భద్రత క్లాసు పూర్తిచేసిన ఊరివాళ్లకు నెల చందా మీద రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచాలని ఆయా ప్రిన్సిపాళ్లనూ, అధికారులనూ అడగండి.