మన షాద్‌నగర్‌లో ‘షాద్’ ఎవరు? | మహారాజా కిషన్ పర్షాద్ కథ

ఈ ఎపిసోడ్ మా ఊరి గురించే. మొన్న షాద్‌నగర్ రైల్వే స్టేషన్‌లో నిలబడి ఉంటే మా తమ్ముడు బోర్డు చూసి అడిగిండు: “అన్నా, మహబూబ్‌నగర్ అంటే నిజాం పేరు. మరి షాద్ ఎవరే?” చిన్నప్పటి నుంచి ఈ ఊళ్లోనే ఉన్నా. అయినా నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టిన.

షాద్ అనేది ఒక కవి కలం పేరు. సంతోషంగా ఉన్నవాడు అని అర్థం. ఆ కవి హైదరాబాద్ రాజ్యానికి రెండుసార్లు ప్రధాని. పేరు మహారాజా సర్ కిషన్ పర్షాద్. వెబ్ సిరీస్‌లలో ఇంగ్లండ్ రాజు కొలువులో లార్డులను చూస్తాం కదా, మన దగ్గర అచ్చం అట్లాంటి మనిషి ఈయన. ముందున్న ఆ ‘సర్’ బ్రిటిష్ వాళ్లు ఇచ్చిన బిరుదే.

ముందు కుటుంబం సంగతి చూద్దాం, ఎందుకంటే కొలువులో చోటు దొరికేది ఇంటి పేరుతోనే. వీళ్లు ఉత్తరాది నుంచి వచ్చిన ఖత్రీలు. అక్బర్ కొలువులో రెవెన్యూ చూసిన తోడర్‌మల్ మా వంశమే అని చెప్పుకునేవాళ్లు. ఇంట్లో పెద్ద పేరు మహారాజా చందూలాల్‌ది. 1806లో పేష్కార్ అయ్యాడు. అంటే దివాన్ తర్వాతి స్థానం, లెక్కలన్నీ ఆయన చేతిలోనే. దివాన్ పదవిలో వేరే ఆయన ఉన్నా, ఏళ్ల తరబడి రాజ్యం నడిపింది చందూలాలే. ఆయన కూడా కవి. కలం పేరు ‘షాదాన్’. అంటే మన షాద్‌కు పదవితో పాటు కలం పేరు కూడా దాదాపు వారసత్వమే!

అయితే చందూలాల్ కథలో ఇంకో ముఖం ఉంది. ఖజానా ఖాళీ అయితే హైదరాబాద్‌లోని పామర్ కంపెనీ దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పులు తెచ్చాడు. ఆ అప్పు తీరాలంటే ఏం వదులుకోవాల్సి వచ్చిందో తెలుసా? కోస్తాలోని ఉత్తర సర్కారుల కోసం బ్రిటిష్ వాళ్లు నిజాంకు ఏటా కట్టే 7 లక్షల పేష్కష్. 1823లో ఆ ఆదాయం శాశ్వతంగా పోయింది. చివరికి 1843లో చందూలాల్ పదవి వదిలాడు.

ఇక కిషన్ పర్షాద్. 1864లో పుట్టాడు. చందూలాల్ ఈయనకు అమ్మ తరఫు పూర్వీకుడు. తాత రాజా నరేందర్ పర్షాద్ కూడా పేష్కారే. ఆ వారసత్వం మనవడికి వచ్చింది. 1901లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఈయన్ని ప్రధానిని చేశాడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది చచ్చిపోయినప్పుడు ప్రధాని కుర్చీలో ఉన్నది ఈయనే.

నన్ను ఆపేసిన విషయం మాత్రం ఆయన ఇల్లు. భార్యల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. తల్లిది ఏ మతమో పిల్లలదీ అదే మతం, పేర్లూ అట్లనే. దీపావళీ రంజానూ ఒకే దేవిడీలో! ఉర్దూ, ఫార్సీలో రాసేవాడు, సూఫీల దగ్గరికి పోయేవాడు. కవి ఇక్బాల్‌తో ఏళ్లకేళ్లు ఉత్తరాలు నడిచాయి. దారిలో పోతూ పేదలకు నాణేలు వెదజల్లేవాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కానీ కొలువు కొలువే. 1911లో మహబూబ్ అలీ ఖాన్ పోయాడు, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కాడు. మరుసటేడే కిషన్ పర్షాద్ పదవి పోయింది. ఆయన స్థానంలో వచ్చిన మూడో సాలార్‌జంగ్‌కు అప్పటికి 23 ఏళ్లే. అదే, మ్యూజియం సాలార్‌జంగ్! జనం అడిగింది లేదు, ఓటు లేదు. రాజు మనసు మారింది, అంతే. మళ్లీ 1926లో అదే నిజాం పిలిచి పెద్ద కుర్చీ ఇచ్చాడు. 1937 దాకా ఉన్నాడు. 1940లో కన్నుమూశాడు.

మరి ఈయన్ని చూసి గర్వపడాలా? నా మాట నేను చెప్తా. ఒకే ఇంట్లో రెండు మతాలను కలిపి బతికిన మనిషిగా గర్వపడతా. కానీ ఆ వెదజల్లిన నాణేలు ఎక్కడివి అని కూడా అడుగుతా. జాగీర్ అంటే ఊళ్ల శిస్తు సర్కారుకు కాకుండా జాగీర్దారుకు పోవడం. చెమట రైతుది, దాత అనే పేరు దొరది. ఆ జాగీర్లు రద్దయింది 1949లో.

ఇక్కడే ఇంకో సంగతి. మన ఫరూఖ్‌నగర్ మండలంలోనే బూర్గుల ఊరుంది. ఆ ఊరి పేరే ఇంటిపేరైన బూర్గుల రామకృష్ణారావు 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి. ఒకాయన రాజు దయతో పెద్దవాడయ్యాడు. ఇంకొకాయన ఓటుతో. రెండు పేర్ల మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. కానీ ఆ కాస్త దూరం దాటడానికి మన తాతలకు ఎన్ని తరాలు పట్టిందో ఆలోచించండి.

తమ్ముడికి జవాబు దొరికింది. ఇప్పుడు మీ వంతు. ఇంట్లో ముసలోళ్లుంటే జాగీర్దార్ల కాలం గురించి ఏం విన్నారో ఇవాళే అడగండి. విన్నది కామెంట్‌లో రాయండి. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి, తర్వాత బోర్డు మీద పేరొక్కటే మిగుల్తది. ఉంటా మరి.