బాప్తిస్మపు రిజిస్టరులో ఒక అమెరికా తాత



అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఈ మధ్య వంశవృక్షం గురించి ఎక్కువగా అడుగుతున్నారు. ముత్తాత పేరేమిటి, ఆయన తండ్రి ఎవరు, ఎప్పుడు రక్షణలోకి వచ్చారు? నేలకొండపల్లిలో పూర్వీకుల మాట వస్తే కంచర్ల గోపన్నను చెప్పుకుంటాము. ఆయనకు భద్రాచలం గుడి ఉంది, కీర్తనలు ఉన్నాయి. కూలికి పోయిన తాతలకు పట్టా లేదు, శాసనం లేదు. చాలా ఇళ్లలో వారి పేరు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది బాప్తిస్మపు రిజిస్టరులోనే.

మన ఖమ్మం వైపు రిజిస్టర్లు ఎక్కువగా ఇంగ్లీషు మిషనెరీల దగ్గరికి పోతాయి. 1841లో మచిలీపట్నం చేరిన నోబుల్, ఫాక్స్ దొరలు, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య మొదలైన సేవ, ఆ వరుస అది. గుంటూరు, పల్నాడు నుంచి వచ్చిన లూథరన్ కుటుంబాల దారి వేరు. వారు వెనక్కి వెళ్లే కొద్దీ ఒక అమెరికా తాత ఎదురవుతాడు. ఆయన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్.

అమెరికావాడంటాం గానీ ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో, 1793 జూలై 10న. అవి నెపోలియన్ యుద్ధాల రోజులు. 1807లో తల్లిదండ్రులు మీసాలు రాని ఆ పిల్లవాణ్ణి ఓడెక్కించి ఫిలడెల్ఫియాలోని అంకుల్ ఇంటికి పంపారు. (మేనమామ, బాబాయి, పెదనాన్న, ముగ్గురికీ ఇంగ్లీషువారికి ఒకే మాట. ఆ కాగితాల్లో వంశం వెతికే మన పిల్లలు ఇక్కడే మొదట తికమకపడతారు.)

1820లో బోధకునిగా అభిషేకం పొందాడు. మేరీ అనే విధవరాలిని పెండ్లాడాడు. ఆమె 1839లో చనిపోయింది. రెండేళ్లకే, 48 ఏళ్ల వయసులో, పిల్లలను అక్కడే విడిచి బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. ప్రసంగాల్లో ఈ చోట మనం హల్లెలూయ అంటాము. ఆ పిల్లల వైపు నుంచి ఎవరమూ చెప్పము. పిల్లలను దూరదేశానికి సాగనంపి ఫోను కోసం కనిపెట్టే తల్లిదండ్రులు మన సంఘంలో ఉన్నారు, ఆ సంగతి వారికి మాకంటే బాగా తెలుసు.

1842 జూలై 31న గుంటూరు చేరాడు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. బడులు తెరిచాడు. కొన్నేళ్లకు అమెరికా వెళ్లి, 50 దాటిన వయసులో బాల్టిమోరులో వైద్యం చదివి 1847లో పట్టా పుచ్చుకున్నాడు. మళ్లీ వచ్చి 1849లో పల్నాటి గురజాలలో కాపురం పెట్టాడు. వాక్యము ఒక చేత, మందు ఒక చేత. అయితే సంతకం దొరది కావచ్చు, ఊరూరా తిరిగి ఆ పేర్లను రిజిస్టరు దాకా నడిపించిన కాళ్లు తెలుగు ఉపదేశులవి. వారి సంగతి పుస్తకాల్లో అరపేజీకి మించదు. ఇది అన్యాయమే.

1857లో తిరిగి వెళ్లి మిన్నెసోటాలో సంఘాలు కట్టాడు. ఈలోగా రాజమండ్రి మిషను నడిపే దిక్కులేక, దానిని ఇంగ్లీషువారికి అప్పగించాలన్న ఆలోచన సాగింది. 1869లో సినడు సభలో ఆ ముసలాయన లేచి, నేను పోతానన్నాడు. వయసు 76. ఆ ఏడు చివరికి రాజమండ్రిలో ఉన్నాడు, 1871 దాకా నిలబెట్టాడు. మన భద్రాచలం దాటి పోయే గోదావరి నీళ్లే అక్కడ ఆయన చూసింది. మిషను చేజారలేదు.

1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ప్రభువునందు నిద్రించాడు. సమాధి పెన్సిల్వేనియాలో సోమర్సెట్ దగ్గర ఫ్రీడెన్స్ అనే ఊళ్లో, మేరీ పక్కనే. ఆ రాష్ట్రం వైపు పోయే పని పడిన మన బిడ్డలెవరైనా ఉంటే చూసి, రాతి మీది అక్షరాలు కనపడేలా ఒక ఫోటో తీసి పంపండి.