వజ్రాలకు ముందున్న సభ: బోట్స్వానా చరిత్రలో ఖోట్లా

బోట్స్వానా చరిత్ర రాసేవారిలో చాలామంది వజ్రాలతోనే మొదలుపెడతారు. 1966 సెప్టెంబరు 30న బ్రిటిష్ పాలన ముగిసేనాటికి అది నిరుపేద దేశం. మరుసటి ఏడాదే ఒరాపా దగ్గర వజ్రాల జాడ దొరికింది. 1971లో అక్కడ, 1982లో జ్వానెంగ్‌లో గనులు మొదలయ్యాయి, దేశం నిలదొక్కుకుంది. ఈ కథనంలో వాస్తవాలకు లోటు లేదు, కారణానికే లోటుంది. సియెర్రా లియోన్‌లోనూ వజ్రాలున్నాయి, 1991లో మొదలైన అంతర్యుద్ధంలో అవే తుపాకులకు పెట్టుబడి అయ్యాయి. కాబట్టి గని ఎవరిదన్న తగవు బోట్స్వానాలో నెత్తుటి దాకా ఎందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబులో పెద్ద భాగం త్స్వానా తెగల పాత సభ అయిన ఖోట్లాలో ఉందని నా వాదన.

ఖోట్లా అంటే ఊరి నడుమ, దుంగల దడి చాటున పెద్దలు కూర్చునే చోటు. అదే న్యాయస్థానం, అదే ఆలోచన సభ. తెగ అధిపతిని ఖోసి అంటారు. ఆయన అందరి మాటా విని చివర్లో తీర్పు చెబుతాడు. సభ మనసుకు ఎదురు వెళ్లిన ఖోసికి నిలకడ ఉండదని 1938లో త్స్వానా చట్టం, ఆచారాలపై గ్రంథం రాసిన ఐజాక్ షపెరా గమనించారు. ఇది కాగితం మీది ఆదర్శం కాదనడానికి బంగ్వాటో తెగ రాజధాని సెరోవేలో జరిగిన సభలే సాక్ష్యం. బంగ్వాటో తెగ వారసుడు సెరెట్సే ఖామా 1948లో లండన్‌లో రూత్ విలియమ్స్ అనే తెల్లజాతి యువతిని పెళ్లాడాడు. ఆయన బదులు పాలన చూస్తున్న పినతండ్రి షెకెడి అందుకు ఒప్పుకోలేదు, తొలి సభలూ ఒప్పుకోలేదు. 1949 జూన్‌లో మళ్లీ కూడిన పెద్ద సభ మాత్రం సెరెట్సే వైపు తిరిగింది. ఏళ్ల తరబడి తెగను ఏలిన షెకెడి, సభ తీర్పు తనకు ఎదురయ్యాక వేరే చోటుకు తరలిపోయాడు. దక్షిణాఫ్రికా ఒత్తిడికి తలొగ్గి బ్రిటిష్ ప్రభుత్వం 1950లో సెరెట్సేను దేశం నుంచి వెళ్లగొట్టినా, బంగ్వాటోలు మరొకరిని ఖోసిగా ఎన్నుకోలేదు. 1956లో ఆయన ఖోసి పదవి వదులుకుని తిరిగొచ్చాడు, పదేళ్ల తర్వాత తొలి అధ్యక్షుడయ్యాడు. 1967 చట్టం గనుల హక్కును తెగల నుంచి దేశానికి మళ్లించినప్పుడు ఒరాపా ఉన్నది ఆయన సొంత తెగ నేల మీదే. సొంత తెగకు దక్కగల సంపదను దేశమంతటికీ పంచమన్న నాయకుడి మాట చెల్లిందంటే, ఆ మాటకు బలం ఆ సభల నుంచే వచ్చిందని నేను నమ్ముతున్నాను.

దీనికి గట్టి ఆక్షేపణలున్నాయి. ఈ మార్పుకు ఖోసిలందరూ సుముఖంగా లేరు. మరో త్స్వానా తెగ బంగ్వాకెట్సేల ఖోసి రెండవ బాతోయెన్ 1969లో పదవి విడిచి, ప్రతిపక్షం తరఫున పోటీచేసి, ఉపాధ్యక్షుడు క్వెట్ మసీరేను ఓడించాడు. నా దృష్టిలో ఇది వాదనను కూల్చదు: అసమ్మతి ఆయుధం పట్టలేదు, ఓటు పెట్టె దగ్గరకు వెళ్లింది. లెసోతో ఉదాహరణ ఇంతకన్నా బరువైనది. అక్కడి ప్రజలైన బసోతోలకూ పిట్సో అనే అలాంటి సభే ఉంది. అయినా 1970లో ఎన్నికల్లో ఓడుతున్న ప్రధాని లెబువా జోనాథన్ రాజ్యాంగాన్నే పక్కన పెట్టాడు. సభ ఒక్కటే దేశాన్ని నిలబెట్టదని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. పంచడానికి సంపద కావాలి, పంపకానికి ముందే కుదిరిన చట్టం కావాలి. బోట్స్వానాలో ఈ మూడూ కలిశాయి, వాటిలో అన్నిటికన్నా పాతది సభ.

అయితే ఆ సభ అందరిదీ కాదు. ఆడవాళ్లకు అందులో సాధారణంగా చోటుండేది కాదు. బలేటే తెగకు మోసాది సెబోకో ఖోసి కావడానికి ఈ శతాబ్దం రావలసి వచ్చింది. కలహారీ ఆదివాసులైన బసార్వాలు తరతరాలు త్స్వానా పశువుల యజమానుల దగ్గర ఊడిగం చేశారు, వాళ్ల మాటకు ఖోట్లాలో విలువ దక్కలేదు. మధ్య కలహారీ అభయారణ్యం నుంచి 2002లో తమను ఖాళీ చేయించడంపై వాళ్లు వెళ్లింది ఖోట్లాకు కాదు, హైకోర్టుకు. 2006 డిసెంబరులో అక్కడే గెలిచారు. బోట్స్వానాను తెలుసుకోగోరే తెలుగు పాఠకులు గనుల లెక్కలకన్నా ముందు సెరోవే సభల చరిత్ర చదవాలి, దాని పక్కనే ఆ తీర్పునూ చదవాలి.